మింట్ వాడిన నాలుగేళ్లలో నన్ను ఏడిపించింది ఒక్క లైనే

కడప కోటిరెడ్డి సర్కిల్ దగ్గర నాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. 2020 చివర్లో పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ మింట్ 20 (విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమే) వేసుకున్నాను. స్పీడు గురించి, వైరస్‌ల బెడద లేకపోవడం గురించి అందరూ చెప్పేదే, నేను మళ్లీ చెప్పను.

నాకు మొదట్లో బాగా నచ్చింది ఆప్ట్, అంటే పేరు కొడితే సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే కమాండ్. ఫాంట్స్-తెలు అని ఒక్క పేరు కొడితే లోహిత్ తెలుగు, పోతన 2000, వేమన 2000 ఫాంట్లన్నీ కట్టకట్టుకుని వచ్చేశాయి. (పోతన మా ఒంటిమిట్టవాడేనని మేం వాదిస్తాం, అది వేరే సంగతి.) పెళ్లికి ఒకరిని పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగినట్టు. అప్పట్నుంచి షాపుకొచ్చిన ప్రతివాడికీ ‘ఇందులో డిపెండెన్సీ గొడవే ఉండదు’ అని చెప్పేవాణ్ని. (డిపెండెన్సీ అంటే ఒక సాఫ్ట్‌వేర్ నడవడానికి తోడు కావలసిన మరో సాఫ్ట్‌వేర్.) ఆ మాటకు ఇప్పుడు కొంచెం సవరణ.

2023లో మింట్ 21 వేశాను. ఫ్రెష్‌గానే వేశాను, అన్నీ బాగానే ఉన్నాయి. స్కానర్ డ్రైవర్ మళ్లీ పెట్టుకోవాలన్న సంగతే మర్చిపోయాను. కౌన్సెలింగ్‌కు సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాల్సిన చివరి రోజు సాయంత్రం ఒకమ్మాయి, వాళ్ల నాన్న ఫైలు పట్టుకుని వచ్చాక గుర్తొచ్చింది. స్కానర్ కంపెనీవాళ్లిచ్చిన డెబ్ ఫైలు (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) నా పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. రెండు నిమిషాల పనేలే అని డీపీకేజీతో (డెబ్ ఫైలును నేరుగా ఎక్కించే కమాండ్) ఎక్కించాను. డ్రైవర్‌కు తోడు కావలసిన లిబ్ఎస్ఎస్ఎల్1.1 అనే లైబ్రరీ లేదంది. ఆప్ట్‌ను అడిగితే ‘ఫిక్స్ బ్రోకెన్’ కొట్టి చూడమని తనే సలహా ఇచ్చింది. కొట్టాను, సరేనని వై నొక్కాను. ఎర్రర్ పోయింది. అమ్మయ్య అనుకుని చూస్తే డ్రైవర్ కూడా పోయింది!

మళ్లీ ఎక్కించాను. మళ్లీ అదే వరస. మూడోసారి గానీ వై నొక్కేముందు పైనున్న లైను చదవలేదు. ‘ఈ ప్యాకేజీ తీసేయబడుతుంది’ అని స్పష్టంగా నా డ్రైవర్ పేరే రాసి ఉంది. కావలసింది దొరకనప్పుడు ఆప్ట్‌కు తెలిసిన రిపేరు అదే, అడిగినవాణ్ని బయటికి పంపేయడం. పంటి నొప్పికి తల తీసేసినట్టు.

‘అన్నా, ఇంగ ఎంతసేపు? నైట్ పన్నెండుతో క్లోజంట’ అంటోంది ఆ పిల్ల. చివరికి వాళ్ల నాన్నే గుమ్మం దగ్గర వెలుతురులో తెల్ల కాగితం మీద సర్టిఫికెట్లు పరిచి ఫోన్‌తో ఫొటోలు తీశాడు. నేను వాటిని కత్తిరించి, సైజు తగ్గించి అప్‌లోడ్ చేసిచ్చాను. డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.

షట్టర్ వేసి కూర్చుని ఆ ఎర్రర్‌నే నిదానంగా చదివాను. డీపీకేజీ అన్నది ‘నాట్ ఇన్‌స్టాల్డ్’. ఆప్ట్ అన్నది ‘నాట్ ఇన్‌స్టాలబుల్’. ఆ చివరి అక్షరాల తేడాలోనే ఉంది అంతా. మొదటిది ఇంకా పెట్టలేదని, రెండోది పెడదామన్నా నా దగ్గర సరుకే లేదని. ఆప్ట్-క్యాష్ పాలసీ కొట్టి చూస్తే క్యాండిడేట్ (పెట్టగలిగే వెర్షన్) దగ్గర ‘నన్’, అంటే ఏదీ లేదని వచ్చింది. మింట్ 21కి పునాది ఉబుంటు అనే మరో లైనక్స్, దాని 22.04 వెర్షన్. అందులో ఓపెన్ఎస్ఎస్ఎల్ (లిబ్ఎస్ఎస్ఎల్ దాని భాగమే) మూడో వెర్షన్‌కు మారి పాత 1.1ను తీసేశారు. డ్రైవర్ మాత్రం పాతదే కావాలని కూర్చుంది. ఇక ఎన్నిసార్లు అప్‌డేట్ కొట్టి ఏం లాభం?

పాత ఉబుంటు సర్వర్ అడ్రసును సోర్సెస్ లిస్టులో (ఆప్ట్ సరుకు తెచ్చుకునే చోట్ల జాబితా) చేర్చమని చాలామంది చెబుతారు. నాకు ధైర్యం చాలలేదు, రేపు ఏ అప్‌డేట్‌లో ఏ పాత సరుకు వచ్చి పడుతుందో. ఉబుంటు పాత 20.04 తాలూకు ఆ ఒక్క డెబ్ ఫైలు దించుకుని పెట్టాను. 1.1, 3 రెండూ వేర్వేరు ఫైలు పేర్లతో ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి తోసుకోవు. డ్రైవర్ కిక్కురుమనకుండా ఎక్కింది. కాకపోతే ఆ పాత 1.1కు ఇక నా సిస్టమ్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. అది మనసులో గుచ్చుతూనే ఉండేది.

అసలు మంట ఇది కాదు. నెల తర్వాత మా తమ్ముడు ఏదో వెతుకుతూ మెనూలో ‘డాక్యుమెంట్ స్కానర్’ తెరిచాడు. మా స్కానర్ పేరు అక్కడే ఉంది! మింట్ 21లో ఐపీపీ-యూఎస్‌బీ, సేన్-ఎయిర్‌స్కాన్ అనే, కంపెనీ డ్రైవర్ లేకుండానే స్కానర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లు ముందే పెట్టి ఇస్తున్నారు. కొంచెం కొత్త మెషిన్లకు డ్రైవరే అక్కర్లేదు. అంటే ఆ సాయంత్రం అక్కర్లేని దానికోసం, లేని దాన్ని వెతుక్కుంటూ కుస్తీ పట్టానన్నమాట. సంతోషించాలో, తల కొట్టుకోవాలో తెలియలేదు.

నాది జిరాక్సు, డీటీపీ, అప్‌లోడ్ల పని, కాబట్టి మింట్ నాకు సరిపోతోంది. కంపెనీ యాప్‌లో రెండు వైపులా ఒకేసారి స్కాన్ చేసే సదుపాయం ఉండేది, ఇందులో నాకైతే అది రాలేదు. రోజూ కట్టలకొద్దీ స్కాన్ చేసేవాళ్లకు, విండోస్‌లో తప్ప నడవని లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పలేను. నేను కూడా మూలన ఒక విండోస్ సిస్టమ్ ఉంచుకున్నాను. డ్రైవర్, లిబ్ఎస్ఎస్ఎల్1.1 రెండూ తీసేసి చాలా రోజులైంది. ఆ డెబ్ ఫైలు మాత్రం పెన్‌డ్రైవ్‌లోంచి చెరపలేదు.