కజాన్‌లో బస ఎక్కడ? నాలుగు రోజుల అనుభవం

మాస్కోలో రాత్రి రైలెక్కితే సుమారు పన్నెండు గంటల్లో రష్యాలోని తాతార్‌స్తాన్ రాజధాని కజాన్ చేరతాం. మేం కూపే తీసుకున్నాం. నాలుగు బెర్తుల గది, తలుపు వేసుకోవచ్చు, పక్కబట్టలు వాళ్లే ఇస్తారు. అమ్మ హాయిగా నిద్రపోయింది.

పొరపాటంతా బస దగ్గర చేశాం. అన్నీ దగ్గరని బౌమన్ వీధిలో అపార్ట్‌మెంట్ బుక్ చేశాను. అది నడిచేవాళ్లకే వదిలేసిన వీధి, సాయంత్రం చాలా బాగుంటుంది. రాత్రి ఒంటిగంటకి కూడా కిటికీ కింద స్పీకర్లు మోగుతుంటే మాత్రం అమ్మకి రెప్ప పడలేదు. ఇంటివాళ్లు ఫోన్ ఎత్తలేదు. మర్నాడే సామాను సర్దుకుని, ఇక్కడి ముస్లిం జాతి అయిన తాతార్ల పాత పేటలో, కబాన్ చెరువు పక్కన చిన్న హోటల్‌కి మారాం. ఊరి పాత కోట అయిన కజాన్ క్రెమ్లిన్‌కి అరగంట పైనే నడక. అయినా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను ఇదే చెబుతాను.

క్రెమ్లిన్ ఆవరణలోకి టికెట్ లేదు. 1552లో రష్యా జార్ ఇవాన్ ది టెరిబుల్ తాతార్ల చేతిలోని ఈ కోటను పట్టుకున్నప్పుడు, పోరాడుతూ చనిపోయిన ఇమాం పేరే 2005లో తెరిచిన కుల్ షరీఫ్ మసీదుకి పెట్టారు. నీలం గుమ్మటం చూసి నాలుగడుగులు వేస్తే, ఆ యుద్ధంలో గెలిచినవాళ్లు కట్టించిన చర్చి. రెండుచోట్లా ప్రార్థనలు జరుగుతున్నాయి. ఆ రెంటి మధ్య నిలబడి నేను చాలాసేపు కదల్లేకపోయాను. పక్కనే ఒరిగిన స్యూయుంబికె బురుజు. మసీదులో ఆడవాళ్లు తల కప్పుకోవాలి, చున్నీ ఉంటే చాలు.

నా మనసు మాత్రం తాతార్ పేటలోనే ఉండిపోయింది. ఆకుపచ్చ, నీలం రంగు చెక్క ఇళ్లు, కిటికీల చుట్టూ లేసు అల్లినట్టు చెక్కడాలు. ఇక్కడి మర్జానీ మసీదు కేథరిన్ రాణి అనుమతితో 1766లో మొదలైంది. కజాన్ రష్యా చేతికి పోయాక తాతార్లు రాతితో కట్టుకోగలిగిన మొదటి మసీదు ఇదే. మీనారు మరీ ఎత్తుగా లేస్తోందని అధికారులు ఫిర్యాదు చేస్తే, నేల మీద చోటు చూపించడమే నా పని, ఆకాశం వాళ్లిష్టం అందట రాణి. ఊళ్లో ఇప్పటికీ చెప్పుకునే కథ.

శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు. కిస్తిబీ అడగండి. పెనం మీద కాల్చిన పల్చటి రొట్టెలో వెన్న కలిపిన ఆలూ ముద్ద పెట్టి మడుస్తారు. ఎచ్‌పోచ్‌మాక్ అనే మూడు కోణాల పిండివంటలో మాంసం ఉంటుంది, చూసుకోండి. వేయించిన పిండి పలుకుల్ని తేనెపాకంలో గుట్టగా అద్దిన చక్‌చక్ నోట్లో వేసుకుని అమ్మ, "ఇది మన బూందీ అచ్చే కదే!" అంది. పైగా తాతార్లు టీలో పాలు పోసుకుంటారు. రష్యాకి వచ్చాక అమ్మ తృప్తిగా తాగిన మొదటి టీ అదే.

ఊరి బయట సర్వమత మందిరం రంగురంగులుగా ఉంటుంది కానీ లోపల పూజలు, ప్రార్థనలు ఏవీ జరగవు. టైం తక్కువైతే దాన్ని వదిలేసి, ఓల్గా నది మీదున్న స్వియాజ్‌స్క్ ద్వీపానికి ఒక రోజు ఇవ్వండి. అక్కడి 16వ శతాబ్దపు కుడ్యచిత్రాలు తల వెనక్కి వాల్చి చూడాలి.

మన బ్యాంకుల వీసా, మాస్టర్ కార్డులు రష్యాలో పనిచేయవు. డాలర్లు తీసుకెళ్లి అక్కడే రూబుళ్లుగా మార్చుకున్నాం. మెట్రోలో స్టేషన్ పేర్లు రష్యన్, తాతార్, ఇంగ్లీషుల్లో చెబుతారు. ఎక్కడైనా "రఖ్మత్" అనండి, తాతార్ భాషలో థాంక్స్ అని అర్థం. ఆ మాట అన్నందుకు హోటల్లో వంటచేసే అవ్వ రైల్లో తినమని రెండు కిస్తిబీలు పొట్లం కట్టి అమ్మ చేతిలో పెట్టింది.