వైజాగ్‌లో ఇల్లు, ఊరు దాటి బేస్: కార్గో విమానాల్లో కో-పైలట్ (ఫస్ట్ ఆఫీసర్)గా రెండున్నరేళ్ళు తిరిగాక రాస్తున్నా

జాయినింగ్ ఫారంలో ఒక కాలమ్ ఉంటుంది, బేస్ ప్రిఫరెన్స్ 1, 2, 3 అని, అంటే ఏ ఊరు నుంచి డ్యూటీ చేస్తారు అని. నేను దాన్ని అర నిమిషంలో నింపేశా. బెంగళూరు, హైదరాబాద్, చెన్నై. టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడపడానికి చేసే ట్రైనింగ్) అప్పు నెత్తి మీద ఉంది, ఇన్నాళ్ళకి ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో ఉన్నా, బెంగళూరులో ఫ్రెండ్స్ ఉన్నారు, చల్లగా ఉంటుంది, వైజాగ్ నుంచి గంటన్నర ఫ్లైటు, ఇంకేం ఆలోచిస్తాం. బెంగళూరే ఇచ్చారు. ఆ అర నిమిషం నన్ను పద్నాలుగు నెలలు తిప్పింది.

మా ఇల్లు మర్రిపాలెంలో. మా ఆవిడ ఇక్కడ స్కూల్లో టీచరు, పాప రెండో క్లాసు, అమ్మానాన్న మాతోనే. కాబట్టి ఫ్యామిలీని బేస్‌కి మార్చేయడం అనే ఆప్షన్ మాకు లేదు, మీకు ఉంటే ఇది చదవక్కర్లేదు, హాయిగా మారిపోండి. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దాటితే ఎయిర్‌పోర్టు, ట్రాఫిక్ లేకపోతే పావుగంట. ఇంత దగ్గర్లో ఎయిర్‌పోర్టు పెట్టుకుని కమ్యూట్ (ఇంటికీ బేస్‌కీ రాకపోకలు) కష్టం ఏంట్రా అనుకున్నా. వైజాగ్‌ది నేవీ రన్‌వే, మనది అందులో ఒక మూల టెర్మినల్ మాత్రమే అన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, నాకూ తెలుసు, కానీ అది నా డ్యూటీ మీద పడుతుందని తట్టలేదు.

ముందు రూల్ సంగతి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా చేరేవాళ్ళు ఇక్కడే పొరబడుతున్నారు. విమానాలకి రూల్స్ పెట్టే డీజీసీఏ లెక్కలో హోమ్ బేస్ అంటే మీ ఇల్లు కాదు, కంపెనీ మీకు రాసిచ్చిన చోటు. కంపెనీ పనిమీద కంపెనీయే మిమ్మల్ని ఇంకో ఊరికి పంపితే అది పొజిషనింగ్, డ్యూటీ టైమ్‌లో కలుస్తుంది. మీరు వైజాగ్ నుంచి బేస్‌కి మీ అంతట మీరు వస్తే అది మీ సొంత ప్రయాణం, ఎందులోనూ కలవదు. ఆరు గంటలు పడిగాపులు కాసి వచ్చినా కాగితం మీద మీరు ఫుల్ రెస్ట్ తీసుకుని వచ్చినట్టే. అలసట మాత్రం కాగితం చూసి రాదు కదా.

అసలు కార్గో వాడి దినచర్య వేరు. పార్సిళ్ళు పగలంతా పోగవుతాయి, రాత్రి ఎగురుతాయి. నా రిపోర్టింగ్ ఎక్కువగా రాత్రి పదిన్నర, పదకొండు, తిరిగొచ్చేసరికి తెల్లారి ఆరో ఏడో. మన రూల్స్‌లో రాత్రి 2 నుంచి పొద్దున 6 దాకా ఒంటికి బాగా డౌన్ ఉండే టైమ్ అని రాశారు, విండో ఆఫ్ సర్కేడియన్ లో అంటారు, సరిగ్గా ఆ టైమ్‌లోనే మాకు రెండో సెక్టారు, అంటే ఆ రాత్రి రెండో ఫ్లైటు, నడుస్తుంటుంది. అంటే డ్యూటీకి ముందు మధ్యాహ్నం నిద్ర కచ్చితంగా పడాలి. బేస్ ఎంచుకునేటప్పుడు నేను చూడాల్సింది ఎంత దూరం అన్నది కాదు, ఆ మధ్యాహ్నం నిద్ర నాకు మిగులుతుందా లేదా అన్నది.

బెంగళూరులో మిగల్లేదు. పొద్దున ఫ్లైటుకి వెళ్తే టికెట్ మండిపోయేది, పైగా నాలుగున్నరకే లేవాలి, అందుకని మధ్యాహ్నం ఫ్లైటు పట్టుకునేవాణ్ణి, దిగి యలహంకలో రూముకి చేరేసరికి సాయంత్రం ఆరు, స్నానం చేసి గంటసేపు కళ్ళు మూసుకుంటే మళ్ళీ క్యాబ్. పాపని స్కూలుకి పంపడానికి పొద్దున ఏడింటికి లేచినవాణ్ణి మర్నాడు పొద్దున ఏడుకి ల్యాండ్ అయ్యేవాణ్ణి, మీరే లెక్కేసుకోండి.

దానికి తోడు 2023 నవంబర్ నుంచి వైజాగ్ రన్‌వే రీసర్ఫేసింగ్ పేరుతో కొన్ని నెలలు రాత్రుళ్ళు మూసేశారు. సాయంత్రం ఫ్లైట్లు తగ్గిపోయాయి, ఉన్నవి కిక్కిరిసిపోయాయి. అదే సీజన్లో మిచౌంగ్ తుపాను. డిసెంబర్ 5, ఆ రాత్రి నాకు రిపోర్టింగ్. పొద్దున్నుంచీ హోరుగాలి, నా ఫ్లైటు క్యాన్సిల్, ఇంకోటి చూస్తే అదీ క్యాన్సిల్, రైలెక్కుదామంటే బెంగళూరు 20 గంటలకి అటూ ఇటూ, ఎక్కి ఏం లాభం. మధ్యాహ్నం పన్నెండుకి మా డ్యూటీలు వేసే క్రూ షెడ్యూలింగ్‌కి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి చాలా మర్యాదగా, "సర్, బేస్‌లో ఉండడం మీ బాధ్యత కదండీ" అంది. కరెక్టే. పిలిస్తే రావడానికి స్టాండ్‌బైలో ఉన్నవాణ్ణి లేపి పంపారు, నాకు ఒక మెయిల్ వచ్చింది, ప్రొబేషన్లో ఉన్నవాడికి రాకూడని మెయిల్. ఆ రాత్రి ఇంట్లో కరెంటు లేదు, చీకట్లో కూర్చుని ఫోన్ వెలుతురులో ఆ మెయిల్ నాలుగుసార్లు చదివా. నాన్న వచ్చి పక్కన కూర్చుని, "ఏట్రా, తుపానికి నువ్వేటి సేస్తావు" అన్నారు. వాళ్ళు అలా అనుకోరు నాన్నా అన్నా.

అమెరికాలో కార్గోలో చేసే బ్యాచ్‌మేట్ ఒకడున్నాడు, వాడు నా గోల విని నవ్వాడు. అక్కడ ఫెడెక్స్‌కి మెంఫిస్, యూపీఎస్‌కి లూయీవిల్, పైలట్లలో చాలామంది వేరే ఊళ్ళలో కాపురముండి జంప్‌సీట్ (కాక్‌పిట్‌లో ఉండే అదనపు సీటు) మీద వచ్చిపోతారు, వాళ్ళ కంపెనీదే కాదు, వేరే కంపెనీ విమానంలో కూడా. కొన్ని కార్గో కంపెనీలైతే ఇంటి దగ్గరి ఎయిర్‌పోర్టు నుంచే టికెట్ కొని పిలిపించుకుంటాయట. అలాగని అక్కడంతా స్వర్గమేం కాదు, 2014లో వాళ్ళ కొత్త రెస్ట్ రూల్స్ అమల్లోకి వచ్చినప్పుడు కార్గోవాళ్ళని అందులోంచి మినహాయించేశారు. నాకు ఇక్కడ జంప్‌సీట్ కూడా లేదు. మా కంపెనీ విమానం వైజాగ్ రాదు, వేరేవాళ్ళ కాక్‌పిట్‌లో నన్ను కూర్చోబెట్టుకునేవాళ్ళు దొరకలేదు. జీతంలోంచి టికెట్ కొనుక్కోవడమే.

హైదరాబాద్‌లో ఖాళీ వచ్చిందని తెలిసినరోజే మార్పు అడిగా. ఇప్పుడక్కడికి వెళ్ళి ఏడాదిన్నర అవుతోంది. నా బతుకు మార్చింది ఫ్లైటు కాదు, గోదావరి ఎక్స్‌ప్రెస్. సాయంత్రం ఐదు దాటాక వైజాగ్‌లో ఎక్కుతా, మా ఆవిడ కట్టిన చపాతీలు తిని తుని దాటేలోపు పడుకుంటా, తెల్లారేసరికి సికింద్రాబాద్. అక్కడినుంచి పుష్పక్ బస్సులో శంషాబాద్, ఎనిమిదికల్లా రూము, టిఫిన్ తిని మళ్ళీ పడుకుంటే సాయంత్రం దాకా లేవను. రాత్రి పదిన్నర రిపోర్టింగ్‌కి నేను నిజంగానే రెస్ట్ తీసుకుని ఉంటా. ప్యాసింజర్ ఎయిర్‌లైన్ వాడికి ఈ లెక్క కుదరదు, వాడికి పొద్దున ఐదుకే రిపోర్టింగ్ ఉంటుంది. రాత్రి రైలు కార్గో వాడికోసమే వేసినట్టుంటుంది. ఆ బండి మీద సీటు లేకపోతే తర్వాత గరీబ్‌రథ్ ఉంది, దురంతో ఉంది. ఒకటి తప్పితే ఒకటి.

తిరుగు ప్రయాణం కూడా అంతే. పొద్దున డ్యూటీ దిగాక పడుకుని లేచి, మధ్యాహ్నం మూడు గంటల వందే భారత్ ఎక్కితే రాత్రి పదకొండున్నరకి వైజాగ్. 2023 జనవరిలో అది మొదలైనప్పుడు నాకెందుకులే అనుకున్నా, ఇప్పుడు ఖమ్మం, విజయవాడ మధ్య సూర్యాస్తమయం దాని కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో. ఆ సీట్లో నిద్ర పట్టడం మాత్రం కష్టం, కూర్చునే బండి కదా.

ఒకసారి గోదావరిలో ఎదురు బెర్తు పెద్దావిడ, అనకాపల్లి, నా బ్యాగు మీద క్రూ ట్యాగ్ చూసి ఏం చేస్తావు బాబూ అంది. విమానం నడుపుతానండీ అన్నా. నన్ను కిందనించి పైకి చూసి, "మరి రైల్లో ఎల్తన్నావేటి?" అంది. ఆవిడకి హోమ్ బేస్ అంటే ఏంటో తుని దాకా చెప్పా, చివరికి "అంటే డిపో ఒక ఊరు, ఇల్లు ఒక ఊరు, ఆర్టీసీ డ్రైవర్లలాగ" అంది. డీజీసీఏ వాళ్ళ నిర్వచనం కన్నా ఇదే బాగుంది.

రూము గురించి. దీన్ని క్రాష్‌ప్యాడ్ అంటారు, పేరు చూసి భయపడకండి. శంషాబాద్ దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాటు, ఆరుగురం, మంచాలు నాలుగు. ఆరుగురూ ఒకేసారి ఉండరన్న నమ్మకం మీద నడుస్తుంది, నెలకి రెండుసార్లు ఆ నమ్మకం వమ్మవుతుంది, అప్పుడు హాల్లో పరుపు. కిటికీలకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించాం, పగలు పదకొండుకి కూడా లోపల అర్ధరాత్రే. ఫ్రిజ్ మీద ఆవకాయ సీసాలు వరసగా, మూతల మీద స్కెచ్‌పెన్‌తో పేర్లు, ఒకడి సీసా అయిపోతే పక్కవాడిది తగ్గుతుందని ఒక గొడవ ఎప్పుడూ నడుస్తుంటుంది. అసలు శత్రువు పైఫ్లోర్ వాళ్ళ కుక్కర్. పొద్దున తొమ్మిదింటికి సరిగ్గా ఏడు విజిల్స్. వెళ్ళి చెప్పుకున్నా, "పగలు పడుకునే ఉద్యోగమా అండీ" అని ఆశ్చర్యపోయి ఐదుకి తగ్గించారు. ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి.

కొత్తవాళ్ళకి ఇంకో దెబ్బ స్టాండ్‌బై. సీనియారిటీ లేనివాడికి మొదటి ఏడాది రోస్టర్‌లో (డ్యూటీ చార్టులో) స్టాండ్‌బైలే ఎక్కువ పడతాయి, ఆ రోజుల్లో ఫోన్ వస్తే చెప్పిన టైమ్‌లోపు ఎయిర్‌పోర్టులో ఉండాలి, కాబట్టి పిలవకపోయినా బేస్‌లోనే ఉండాలి. ఫాయిల్ అంటించిన గదిలో నాలుగు రోజులు ఊరికే కూర్చోవడం ఎగరడం కన్నా కష్టం. అందుకే మొదటి ఏడాది కమ్యూట్ చేస్తానని ఇంట్లో గొప్పగా మాటివ్వకండి. 2025 జులై నుంచి వీక్లీ రెస్ట్ 36 గంటల నుంచి 48కి పెంచడం నాలాంటి వాడికి నిజంగా పనికొచ్చింది. ముప్పై ఆరులో రానూపోనూ తీసేస్తే ఇంట్లో ఒక పూట మిగిలేది, ఇప్పుడు పాపని బీచ్‌కి తీసుకెళ్ళి, మర్నాడు దోసెలు తిని బయల్దేరే టైమ్ ఉంది.

మిగతా రెండు బేస్‌ల గురించి మా వాళ్ళని అడిగి తెలుసుకున్నంత చెప్తా. చెన్నైకి రాత్రి బళ్ళున్నాయి గానీ రోజూ నమ్ముకోవాల్సినవి హౌరా వైపునుంచి వచ్చేవే, అవి వైజాగ్‌కి ఎప్పుడొస్తే అప్పుడే, మన ఊళ్ళో బయల్దేరే బండి మీద ఉండే ధీమా వాటి మీద ఉండదు. ఢిల్లీ అంటే ఫ్లైటే గతి, ఏపీ ఎక్స్‌ప్రెస్ రోజున్నర ప్రయాణం, డిసెంబర్ పొగమంచు అదనం. నా మార్కులు: హైదరాబాద్‌కి 5కి 4, బెంగళూరుకి 2, అది కూడా ఊరి తప్పు కాదు, వెనక పనికొచ్చే రాత్రి రైలు లేకపోవడం తప్పు.

హైదరాబాద్‌కి ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే తుపాను వస్తే రైలూ ఉండదు. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వస్తోందనగానే ఈసారి ఎవరి మాటా వినలేదు. 28 రాత్రి డ్యూటీకి 26 సాయంత్రమే గోదావరి ఎక్కేశా. మా ఆవిడ, "రెండ్రోజుల ముందెందుకండీ, పాప పుట్టినరోజు రేపు కదా" అంది. వీడియో కాల్‌లో కేకు కోయించాం. 28న వైజాగ్ నుంచి ఫ్లైట్లు లేవు, చాలా రైళ్ళు రద్దు. ఆ రాత్రి నేను టైమ్‌కి రిపోర్టు చేశా, ఎవరూ ఏమీ అనలేదు, అనడానికేముంది, బేస్‌లో ఉండడం నా బాధ్యతేగా. పాప మాత్రం ఇప్పటికీ అంటుంది.

డబ్బు సంగతికొస్తే బెంగళూరు రోజుల్లో ఒక్కో నెల టికెట్లకే ముప్పై వేలు దాటేది, సంక్రాంతి నెలైతే చెప్పక్కర్లేదు. ఇప్పుడు థర్డ్ ఏసీ వెయ్యి చిల్లర. రోస్టర్ నెలాఖరు వారంలో గానీ రాదు, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, ఈ రెంటికీ పొంతన లేదు, అందుకని నేను చేసేది ఏంటంటే వారానికి రెండు గోదావరి బెర్తులు గుడ్డిగా బుక్ చేసి పెట్టుకుంటా, రోస్టర్ వచ్చాక అక్కర్లేనివి క్యాన్సిల్. బాగా ముందే చేస్తే పోయేది తక్కువే. రెండేళ్ళ కింద ఆ మెయిల్ రాకుండా ఉండడానికి ఎంతైనా ఇచ్చేవాణ్ణి.

భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు మొదలైతే మా మర్రిపాలెం వాళ్ళకి ఎయిర్‌పోర్టు పావుగంట కాదు, సిటీ నుంచే 45 కిలోమీటర్ల పైన. అందరూ గొణుగుతున్నారు. నేను గొణగట్లేదు, నా రైలు వైజాగ్ స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపునించి ఎక్కినా జ్ఞానాపురం గేటునించి ఎక్కినా ఆటోకి అదే డబ్బు.