ఉగాండాలో కిడేపో సఫారీ బుక్ చేస్తున్నారా? అడ్వాన్సు పంపే ముందు ఇది చదవండి

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా నాన్నగారిని, మా ఆవిడని, పద్నాలుగేళ్ళ మా అమ్మాయిని తీసుకుని ఉగాండాలోని కిడేపో వ్యాలీ నేషనల్ పార్కుకి వెళ్ళొచ్చాను. ఆ అడవి గురించి ఒక్క చెడ్డ మాట కూడా చెప్పను. మమ్మల్ని ముంచింది టూరు అమ్మిన మనిషి. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. అతను ఎలా ముంచాడో మాత్రం దాచకుండా రాస్తున్నాను. మాకు పంపిన కోటే (టూరు వివరాలు, ధర రాసిన కాగితం), అక్షరం మార్చకుండా, ఇంకో రెండు తెలుగు కుటుంబాలకి కూడా వచ్చిందని తిరిగొచ్చాక తెలిసింది.

ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మోసమంతా దాని దూరంలోనే ఉంది. కిడేపో ఉగాండాకి ఈశాన్య మూలన, కరమోజా ప్రాంతంలో, దక్షిణ సూడాన్ సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. కెన్యా కూడా పక్కనే. విస్తీర్ణం 1442 చదరపు కిలోమీటర్లు. 1962లో నేషనల్ పార్కు అయింది. ఉగాండా నేషనల్ పార్కుల్లో చీతాలు, నిప్పుకోళ్ళు చూడాలంటే ఇక్కడికే రావాలి. కంపాలా నుంచి గులు, కిట్‌గుమ్ మీదుగా కారులో పది పన్నెండు గంటలు పడుతుంది, అదీ తెల్లవారుజామున బయల్దేరి దారిలో ఏ ఇబ్బందీ లేకపోతే. ఎంటెబ్బే నుంచి చిన్న విమానాలున్నాయి కానీ ఖరీదు ఎక్కువ, సామాను మనిషికి 15 కిలోలే. ఇంత దూరం కాబట్టే అక్కడ జనం తక్కువ, ఇంత దూరం కాబట్టే అమ్మేవాడు చెప్పిన మాటని పోల్చి చూడ్డానికి వెళ్ళొచ్చినవాళ్ళు దొరకరు.

మా నాన్నగారు అటవీ శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఎక్కువ కాలం నల్లమలలోనే. ఆఫ్రికా అడవి ఒక్కసారి చూడాలని ఎప్పట్నుంచో అనేవారు. జనం తక్కువగా ఉండే పార్కు కావాలని కిడేపోని ఎంచుకుంది ఆయనే. ఆ పేరుకి అర్థం కూడా ఎక్కడో చదివారు: కరమోజోంగ్ భాషలో కింద పడినవి ఏరుకోవడం అని. ఆ లోయలోకి జనం తాటిపళ్ళు ఏరుకోడానికి వచ్చేవారట. "మన తాటి జాతేరా, ఏటి పొడుగునా ఉంటాయట, అవి చూడాలి" అని బయల్దేరే ముందు పదిసార్లయినా అని ఉంటారు.

కోట్‌లో "5 రోజులు, 4 రాత్రులు, మూడు పూర్తి రోజుల గేమ్ డ్రైవ్, పార్కు లోపల బస, అన్ని ఫీజులు కలిపి" అని ఉంది. గేమ్ డ్రైవ్ అంటే బండిలో తిరుగుతూ జంతువుల్ని చూడడం. మనిషికి 1450 డాలర్లు. నలుగురికి 5800. అందులో 60 శాతం, అంటే 3480 డాలర్లు, ముందే పంపాలన్నాడు. పంపేశాను. బ్యాంకులో విదేశాలకి డబ్బు పంపే ఎ-2 ఫారం నింపుతుంటే కౌంటర్లో అమ్మాయి, "సార్, ఇన్‌వాయిస్ కంపెనీ పేరు మీద ఉంది, ఖాతా మాత్రం ఎవరో వ్యక్తి పేరు మీద ఉంది, పర్వాలేదా?" అని అడిగింది. నేను అతనికి వాట్సాప్ చేశాను. "మా డైరెక్టర్ ఖాతానే, త్వరగా అందుతుంది" అన్నాడు. నమ్మాను. తర్వాత కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే లైసెన్సు కాపీలో ఒక పేరు, ఇన్‌వాయిస్ మీద ఇంకో పేరు, ఖాతా మూడో పేరు మీద. ఈ ఒక్కటి ఆ రోజు చూసుకుని ఉంటే మిగతా కథే ఉండేది కాదు. ఉగాండాలో టూర్ ఆపరేటర్లకి లైసెన్సు ఇచ్చేది ఉగాండా టూరిజం బోర్డు. కాపీ మీద ఉన్న పేరుతో నేరుగా బోర్డుకే మెయిల్ పెట్టి అడగండి.

వీసాకి మనిషికి 90 డాలర్లు తీసుకున్నాడు. ప్రభుత్వ సైట్‌లో మనమే అప్లై చేసుకుంటే మామూలు టూరిస్టు ఈ-వీసా 50 డాలర్లే. ఎల్లో ఫీవర్ టీకా గురించి ఇంకా ఘోరమైన మాట చెప్పాడు, "ఎయిర్‌పోర్టులో వేయించుకోవచ్చు" అని. దయచేసి ఇది నమ్మకండి. ఉగాండాలో అడుగు పెట్టాలంటే టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు తప్పనిసరి, వీసా అప్లికేషన్‌లోనే అడుగుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాత గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా ఉగాండా నుంచి తిరిగొస్తే మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మేం హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేయించుకున్నాం. అరవై దాటినవాళ్ళకి ఈ టీకాతో జాగ్రత్త అవసరం. ముందు డాక్టర్ని అడగండి. నాన్నగారి విషయంలో మేం అడిగాకే వేయించాం.

ఇక ప్రయాణం. తెల్లవారి అయిదింటికి వస్తానన్న బండి పదకొండింటికి వచ్చింది. పైకప్పు లేచే ల్యాండ్ క్రూజర్ అని కోట్‌లో ఫోటో పెట్టారు. వచ్చింది మామూలు వ్యాను, ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. మిగతా 40 శాతం అక్కడే, బండి ఎక్కకముందే, నగదుగా ఇవ్వమన్నారు. విదేశంలో, రోడ్డు పక్కన, ముసలాయన్ని, పిల్లని పెట్టుకుని ఏం వాదిస్తాం? ఇచ్చేశాను. ఆ రాత్రి కిట్‌గుమ్‌లో ఆగాం. రెండో రోజు టైరు పోయింది, స్టెప్నీలో గాలి లేదు. డ్రైవర్ ఎవరో బోడా (బైకు ట్యాక్సీ) అబ్బాయి బైకు ఎక్కి టైరు బాగు చేయించుకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ డ్రైవర్ మంచివాడు. అతనికి ఆఫీసు ఇచ్చింది బొటాబొటి డబ్బులు. ఇలాంటి పరిస్థితి వస్తే కోపం డ్రైవర్ మీద చూపించకండి, అతను కూడా మనలాగే ఇరుక్కున్నవాడు.

గేటు దగ్గర అసలు విషయం బయటపడింది. డ్రైవర్ ఫోన్లోంచి మొబైల్ మనీ కట్టాడు, రేంజరు రసీదు నా చేతికిచ్చాడు. మనిషికి 40 డాలర్ల చొప్పున నాలుగు టికెట్లు, కింద టైము 16:40. రేంజరు ఆ టైము మీద వేలు పెట్టి, "రేపు ఇదే టైముకి బయటికి రావాలి" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ పర్మిట్ 24 గంటలకే. మూడు పూర్తి రోజులని డబ్బు తీసుకుని, మాకోసం కొన్నది ఒక్క రోజు. అదీ సాయంత్రం నాలుగూ నలభైకి మొదలయ్యే రోజు. "ఆఫీసు ఒక రోజుకే పంపింది సార్" అని డ్రైవర్ తల దించుకున్నాడు. మా ఆవిడ ఆ రసీదు తీసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఇది పొరపాటు కాదు, లెక్క ప్రకారం చేసిందే. రోజుకి 40 డాలర్లు, నలుగురు మనుషులు, మిగిలిన రెండు రోజులు. అక్కడే 320 డాలర్లు మిగిలాయి వాళ్ళకి.

బస సంగతీ అంతే. కోట్‌లో రాసిన లాడ్జికి వెళ్తే మా పేరు మీద బుకింగే లేదన్నారు. పార్కు బయట, గేటుకి నలభై నిమిషాల దూరంలో ఒక గెస్ట్‌హౌస్‌లో పడుకున్నాం. పెట్టింది పోషో, అంటే మొక్కజొన్న పిండి సంకటి, చిక్కుడు గింజల కూర. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, మేం తెచ్చుకున్న ఆవకాయతో కడుపు నిండా తిన్నాం. బాధల్లా తెల్లవారుజాము పోవడమే. సింహాలు కనపడేది ఎండెక్కకముందే, ఆ వేళంతా మేం గేటుకి వస్తూ దారిలోనే ఉన్నాం. పార్కు లోపల అపోకా దగ్గర వైల్డ్‌లైఫ్ అథారిటీ వాళ్ళవే సాదా బ్యాండాలు (చిన్న కుటీరాలు) ఉన్నాయి. అవి దొరికినా మాకు బంగారమే అయ్యేది. ఎక్కడ బస అని రాసినా సరే, ఆ చోటికి మీరే మెయిల్ పెట్టి మీ పేర్ల మీద గది ఉందో లేదో కనుక్కోండి.

మూడో రోజు దొరికిన ఆ కొన్ని గంటల్లో నారుస్ లోయ చూశాం. ఎండాకాలంలో కిడేపో ఏరు పూర్తిగా ఎండిపోతుంది, నారుస్‌లో మాత్రం నీళ్ళు నిలుస్తాయి, అందుకని జంతువులన్నీ అక్కడికే దిగుతాయి. వందల అడవిదున్నలు ఒక్క గుంపుగా, దుమ్ము లేపుకుంటూ నడుస్తుంటే నాన్నగారు మాట లేకుండా నిలబడిపోయారు. రాతిగుట్ట మీద ఒక ఆడసింహం పడుకుని ఉంది. మా అమ్మాయి తాతయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని చూసింది. ఆ పావుగంట కోసమైనా వెళ్ళాల్సిందే అంటాను.

నాలుగో రోజుకి మళ్ళీ నలుగురికీ టికెట్లు కొనాలి. గేటు దగ్గర నగదు తీసుకోరు, నా కార్డు పని చెయ్యలేదు, సిగ్నల్ అంతంత మాత్రం. కంపాలాలో ఉండే మా బావగారికి ఎలాగో ఫోన్ కలిసింది, ఆయన మొబైల్ మనీలో 160 డాలర్లకి సమానమైన షిల్లింగులు పంపారు. ఆయన లేకపోతే మా ట్రిప్పు అక్కడితో సరి. తాటిచెట్లుండే కిడేపో లోయ అపోకా నుంచి ఉత్తరానికి సుమారు 30 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరబోతుంటే డ్రైవర్ డీజిల్ ముల్లు చూపించాడు. వెళ్ళొస్తే కిట్‌గుమ్ దాకా తిరిగి చేరలేం. మేం వచ్చిన దారిలో కిట్‌గుమ్ దాటాక నమ్ముకోదగ్గ బంకు ఒక్కటీ కనపడలేదు. పోను రాను లెక్కకి మించి ఒక్క లీటరు కూడా పోయించలేదు ఆఫీసు. రేంజర్లని అడిగితే వాళ్ళ దగ్గరా అమ్మడానికి లేదన్నారు. నాన్నగారు "పోనీలేరా" అని, నారుస్ వైపే వెళ్దామన్నారు. ఆయన ఆ ఒక్క మాటే అన్నారు. నాకు మాత్రం అది ఇప్పటికీ గొంతులో ఉండిపోయింది.

కాబట్టి, ఈ సీజన్లో ఎవరైనా కోట్ తెప్పించుకుంటుంటే రోజుల లెక్క మీరే వెయ్యండి. అయిదు రోజుల టూరులో రానూ పోనూ రెండు రోజులు రోడ్డుకే పోతాయి, అది ఎవరూ తప్పించలేరు. మిగతా రోజులకి మనిషికి ఎన్ని 24 గంటల పర్మిట్లు కొంటున్నారో, గేటు లోపలికి ఏ టైముకి వెళ్తారో రాతపూర్వకంగా అడగండి. పార్కు లోపల తిరగడానికి రోజుకి ఎన్ని కిలోమీటర్లకి డీజిల్ కలిపారో అడగండి, కిడేపో లోయ పేరు రాయించుకోండి. బండి నెంబరు, ఫోటో ముందే పంపమనండి. నిజంగా టూర్లు చేసేవాళ్ళు వీటికి విసుక్కోరు. నేను తర్వాత మాట్లాడిన ఇంకో ఆపరేటరు అయిదు నిమిషాల్లో అన్నిటికీ జవాబిచ్చారు. కరమోజాలో భద్రత పరిస్థితి అప్పుడప్పుడు మారుతుంటుంది, కాబట్టి వెళ్ళే ముందు ప్రయాణ సలహాలు చూసుకుని, మీ ఇన్సూరెన్స్ ఆ ప్రాంతానికి వర్తిస్తుందో లేదో కూడా కనుక్కోండి.

డబ్బు వాపసు అడిగితే మొదట "రోడ్డు బాగోలేదు, మా చేతుల్లో లేదు" అన్నాడు. రసీదు ఫోటో పంపాక నన్ను బ్లాక్ చేశాడు. రసీదు, కోట్, బ్యాంకు కాగితాలు అన్నీ జత చేసి టూరిజం బోర్డుకి ఫిర్యాదు పెట్టాను, జవాబు కోసం చూస్తున్నాను. "మూడు పూర్తి రోజుల గేమ్ డ్రైవ్, అన్ని ఫీజులు కలిపి" అన్న మాటలతో 1450 డాలర్ల కోట్ మీకూ వచ్చి ఉంటే, ఇంకా డబ్బు పంపకపోతే, ఆగండి. నాకు రాయండి, నా దగ్గరున్న కాగితాలతో మీవి పోల్చి చూద్దాం.