మూతలు తీసే బొమ్మల పుస్తకాలా, ప్రపంచ ప్రదర్శనల చరిత్రలా: కాలనీ లైబ్రరీకి ఏది మేలు?

హనుమకొండలో మా కాలనీ కమ్యూనిటీ హాల్ పక్క గదిలో చిన్న లైబ్రరీ నడుస్తోంది. మొన్న దసరాకు ఒక పెద్దమనిషి పుస్తకాల కోసం పదివేలు ఇచ్చారు. మీటింగు పెడితే రెండు మాటలు వచ్చాయి. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లవాళ్లు మూతలు తీసి చూసే, తడిమి చూసే బొమ్మల పుస్తకాలు కొనమన్నారు. రిటైరైన లెక్చరర్లు మాత్రం ప్రపంచ ప్రదర్శనల చరిత్రలు తెప్పిద్దామన్నారు. 1851లో లండన్‌లో మొదలై పారిస్, షికాగో, ఒసాకా దాకా సాగిన పెద్ద ఎగ్జిబిషన్ల చరిత్ర అది. ఈ రెండింటికీ పొత్తేమిటని కొందరు అన్నారు గానీ, ఉన్న డబ్బు ఒక్కటే అయినప్పుడు పక్కపక్కన పెట్టి తూచాల్సిందే.

నా ఓటు పిల్లల పుస్తకాలకు. అయితే అన్ని రకాలకూ కాదు. చరిత్ర పుస్తకం కూడా ఒక్కటైనా కావాలంటాను.

మా లైబ్రరీకి సాయంత్రం పూట పసిపిల్లల్ని ఎత్తుకొచ్చేది ఎక్కువగా నాయనమ్మలు, అమ్మమ్మలు. వాళ్లలో చాలామందికి ఇంగ్లీషు రాదు, కొందరికి తెలుగు చదవడం కూడా కష్టమే. మూతల పుస్తకానికి ఆ ఇబ్బంది లేదు. పేజీలో ఒక తలుపో, గంపో, చెట్టో ఉంటుంది. "పిల్లి ఏడ దాసుకుందిరా బుజ్జీ? గంప కింద ఉందా?" అని అవ్వ అడుగుతుంది. పిల్ల మూత లేపి "లే...దు!" అని అరుస్తుంది. కింద ఇంగ్లీషులో ఏం అచ్చయి ఉన్నా కథ మన మాటల్లోనే నడుస్తుంది. బర్రె, మేక, కోడిపుంజు మన పేర్లతోనే వస్తాయి. చదువురాని మనిషి కూడా పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని పూర్తిగా చెప్పగలిగిన పుస్తకం ఇది. మా గదిలో ఉన్న మరే పుస్తకానికీ ఈ గుణం లేదు. నా ఓటుకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

పిల్లల వైపు నుంచి చూసినా ఈ ఆటకు అర్థం ఉంది. ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో, కంటికి కనపడకుండా పోయిన వస్తువు ఎక్కడో ఉండే ఉంటుందని పిల్లలకు తెలియడం మొదలవుతుంది. చీర కొంగు చాటున మొహం దాచుకుని మళ్లీ చూపిస్తే పకపకా నవ్వేది అందుకే. ఏడాది వచ్చేసరికి బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును పట్టుకోవడం వస్తుంది. మూత లేపడానికి ఆ పట్టు చాలు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 2010లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో, ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లలు, తెరిస్తే బొమ్మలు లేచి నిలబడే పాప్‌అప్ పుస్తకం కంటే మామూలు బొమ్మల పుస్తకం నుంచే కొత్త విషయాలు బాగా నేర్చుకున్నారని తేలింది. లేచి నిలబడే కాగితం మీదికే ధ్యాసంతా పోతే చెప్పే మాట చెవికెక్కదు. కాబట్టి పదిహేను పండ్ల పేర్లు నేర్పడానికైతే దళసరి అట్టల మామూలు బొమ్మల పుస్తకం మేలు. అడగడం, ఆగడం, జవాబు రావడం అనే మాటల ఆట అలవాటు కావడానికి మూతల పుస్తకం మేలు. కొనేటప్పుడు మూత కింద ఏముందో లేపి చూడండి. ప్రశ్నకు జవాబు ఉంటే మంచిది. ఊరికే ఇంకో రంగు బొమ్మ అతికించి ఉంటే డబ్బు దండగ.

పాప్‌అప్ పుస్తకాలు లైబ్రరీకి వద్దే వద్దు. పిల్లల చేతుల్లో వారం కూడా నిలవవు, పిల్లల్ని తిట్టడం ఒక్కటే మిగులుతుంది. బట్ట పుస్తకాలు ఇంట్లోకి బాగుంటాయి గానీ, పది మంది పిల్లలు నోట్లో పెట్టుకునే చోట ప్రతిసారీ ఎవరు ఉతుకుతారు? గొర్రె ఉన్ని, గరుకు చెట్టు బెరడు లాంటివి అతికించి తడిమి చూడమనే పుస్తకాలు పర్వాలేదు, అవి తొందరగా చిరగవు.

బటన్ నొక్కితే చప్పుడు చేసే పుస్తకాల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. వాటిలో చాలావరకు బిళ్లల్లాంటి చిన్న బ్యాటరీలు ఉంటాయి. పిల్లలు అలాంటిది మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిన పుండు చేయగలదు. బ్యాటరీ డబ్బాకు స్క్రూ లేని పుస్తకం ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వకండి. మింగిందని అనుమానం వచ్చినా చాలు, విరేచనంలో పోతుందిలే అని చూడకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరూ కనిపెట్టి చూసే వీలు లేని లైబ్రరీ గదికి ఈ రకమే వద్దని నా మాట. పైగా ఆ పుస్తకాల్లో అరిచేది బటన్, అవ్వ నోరు మూతపడుతుంది.

ఇక చరిత్రల సంగతి. మన జాతరల్లో జెయింట్ వీల్ ఎక్కని పిల్లలుంటారా? ఆ చక్రం పేరుకెక్కింది 1893 షికాగో ప్రదర్శనలో. జార్జి ఫెర్రిస్ కట్టిన ఆ చక్రం ఎత్తు సుమారు 80 మీటర్లు. 36 పెట్టెలు, ఒక్కోదాంట్లో 60 మంది పడతారు. అదే ప్రదర్శనతో పాటు జరిగిన సర్వమత సభలో సెప్టెంబర్ 11న వివేకానందుడు మాట్లాడాడు. అంతకు ఏడు నెలల ముందు, ఫిబ్రవరిలో, సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తన పడమటి ప్రయాణం గురించి ఉపన్యాసం ఇచ్చిందీ ఆయనే. ఇలాంటి ముడులు కనిపిస్తుంటే మా లెక్చరర్ల ఉత్సాహం నాకు బాగా అర్థమవుతుంది.

అన్నిటికన్నా ఓరుగల్లు వాళ్లను పట్టి లాగేది 1851. లండన్ హైడ్ పార్కులో ఇనుము, గాజుతో జోసెఫ్ పాక్స్‌టన్ రూపకల్పన చేసిన క్రిస్టల్ ప్యాలెస్‌కు అయిదున్నర నెలల్లో 60 లక్షలకు పైగా సందర్శనలు నమోదయ్యాయి. అక్కడ జనం ఎగబడి చూసిన వాటిలో కోహినూర్ వజ్రం ఒకటి. అది భద్రకాళి అమ్మవారి కన్నుగా ఉండేదని మన దగ్గర తరతరాలుగా చెప్పుకుంటాం. చరిత్రకారులకు గట్టి ఆధారాలు దొరికేది మాత్రం 18వ శతాబ్దంలో ఇరాన్ రాజు నాదిర్‌షా కాలం నుంచే. 1849లో పంజాబ్ సిక్కు రాజు, పదేళ్ల దులీప్ సింగ్‌తో సంతకం పెట్టించుకుని ఇంగ్లీషువాళ్లు దాన్ని తీసుకుపోయారు. రెండేళ్లకు బంగారు పంజరంలో పెట్టి చూపిస్తే, మెరుపు లేదని చూసినవాళ్లు పెదవి విరిచారు. 1852లో మళ్లీ సానబట్టించి 186 క్యారెట్ల రాయిని 105 క్యారెట్లకు దించారు. ఆ 1851 ప్రదర్శనకే మన వరంగల్ తివాచీలు కూడా వెళ్లాయి. రాయి గురించి ప్రపంచమంతా మాట్లాడింది. కొత్తవాడలో ఇప్పటికీ మగ్గం మీద కూర్చునే వాళ్ల ముత్తాతల పని గురించి ఎంతమంది మాట్లాడారు? ఈ సంగతి మా కాలనీ పిల్లలకు తెలియాలి.

అందుకే చరిత్ర ఒకటి కొనాలంటున్నాను. ఏ చరిత్ర అన్నది చూసుకోవాలి. నిగనిగలాడే ఫొటోల ఆల్బమ్ అయితే ఈఫిల్ టవర్ చూసి మూసేస్తారు. ఆ టవర్ 1889 ప్రదర్శన కోసం కట్టిందనీ, 20 ఏళ్ల తర్వాత విప్పేయాలనుకున్నారనీ తెలుసుకోవడానికి ఆల్బమ్ అక్కర్లేదు. నేనైతే పుస్తకం తెరిచి నేరుగా అమెరికాలో జరిగిన 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శన అధ్యాయం చూస్తాను. మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పుట్టిన ఏడాది అది. ఆ ప్రదర్శనలో వెయ్యి మందికి పైగా ఫిలిప్పీన్స్ మనుషుల్ని తెచ్చి, వాళ్ల బతుకును జనానికి వేడుకగా చూపించారు. ఆ సంగతి దాటేసి దీపాల వెలుగుల గురించే రాసిన పుస్తకం నమ్మదగింది కాదు. దాన్ని అక్కడే పెట్టేయండి.

చరిత్ర పుస్తకానికి ఉన్న చిక్కు ఒకటే. మంచివి ఇంగ్లీషులో ఉంటాయి, ధర వేలల్లో ఉంటుంది, మా దగ్గర చదవగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవరో ఒకరు చదివి తెలుగులో చెప్తే తప్ప అది బీరువాలోనే ఉండిపోతుంది. పాత కేటలాగులు, 1851 నాటివి సహా, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. చదవగలిగిన పెద్దవాళ్లు సగం పని ఫోన్‌లోనే కానిచ్చుకోవచ్చు. పసిపిల్లలకు ఆ దారి లేదు. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితమే గానీ, ఏడాదిన్నర పిల్లకు తెర చూపించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మూత లేపే వేలికి నిజమైన కాగితమే కావాలి.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. 1851లో క్రిస్టల్ ప్యాలెస్ జ్ఞాపకంగా కాగితపు మడత బొమ్మలు అమ్మారు. హార్మోనియం తిత్తిలా సాగదీసి ముందున్న కన్నంలోంచి చూస్తే ప్యాలెస్ లోపలి హాలు వరసలుగా కనిపించేది. అట్టలతో మన పిల్లలతో ఇది చేయించడం కష్టమేమీ కాదు.

పదివేల పంపకం నా లెక్కలో ఇలా ఉంటుంది. ఆరువేలు పసిపిల్లలకు: సగం మూతల పుస్తకాలు, మిగతా సగం తడిమి చూసేవి, దళసరి అట్టల మామూలు బొమ్మలవి, తెలుగువి దొరికినంతవరకు తెలుగువే. మూడువేలకు ఒకే ఒక్క చరిత్ర. అడిగిన లెక్చరర్లు నెలకో ఆదివారం ఒక ప్రదర్శన గురించి తెలుగులో చెప్తామని ముందే ఒప్పుకుంటేనే ఆర్డర్ పెట్టాలి. మొదటి ఆదివారం 1851తో మొదలుపెట్టి, కొత్తవాడ నుంచి ఒక నేత పెద్దమనిషిని పిలిచి పక్కన కూర్చోబెడితే బాగుంటుంది. మిగిలిన వెయ్యి గట్టి టేపుకు, అట్టలకు ఉంచాలి. మూతలు చిరగడం ఖాయం, చిరిగినచోట పాత పెండ్లి పత్రిక ముక్క అతికిస్తే మళ్లీ పనికొస్తుంది.