ఫైబర్ ల్యాండ్‌లైన్: మాట స్పష్టమే, మోగుతుందన్న భరోసాయే తక్కువ

ఇంటర్నెట్ ప్యాకేజీతోపాటు ఉచితంగా వచ్చే ల్యాండ్‌లైన్ చాలాకాలంగా మా ఇంట్లో ఉంది. మనం చేసే ఫోన్లకు అది ఎంత బాగా పనికొస్తుందో, మనకు వచ్చే ఫోన్ల విషయంలో అంతగా ఏడిపిస్తుంది. వేగాలు, ధరలు ప్రకటనల్లో ఉన్నవే గనుక వాటి జోలికి పోను. ప్రకటించిన ధర మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుందా లేదా అన్నది మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి.

విశాఖపట్నం పెదవాల్తేరులో మాది కింది వాటా. లోపలి గదుల్లో సెల్ సిగ్నల్ సరిగా అందదు. మా అత్తయ్యగారికి వినికిడి కొంచెం తక్కువ, పైగా సెల్‌ఫోను తెర మీద వేలు జరపడం ఆవిడకు చికాకు. పాత రాగితీగ ఫోనులో వానాకాలం వస్తే చాలు, జాయింట్లలో నీరు చేరి, గరగర తప్ప మాట వినిపించేది కాదు. ఫైబరు వచ్చాక ఆ బాధ పూర్తిగా పోయింది. శ్రీకాకుళంలో ఉన్న చిన్నత్తయ్యగారి గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా ఫొటోలూ వీడియోలూ ఎక్కిస్తున్నప్పుడు మాత్రం మాటల మధ్య అక్షరాలు రాలిపోతాయి. ఒక ఫోను సంభాషణకు సెకనుకు వంద కిలోబిట్లు కూడా పట్టవు కాబట్టి, ఇంకా పెద్ద ప్యాకేజీ తీసుకుంటే ఇది తీరుతుందని నేననుకోను.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఒక వర్షాకాలం సాయంత్రం ఈదురుగాలికి మా వీధిలో కరెంటు పోయి, కాసేపటికి వచ్చింది. మోడెం ఇన్వర్టరు మీదే ఉంది కాబట్టి ఆరలేదు. వీధిలోని కేబులు పెట్టె మాత్రం ఆగినట్టుంది, నెట్ కాసేపు పోయి మళ్ళీ వచ్చింది. టీవీ ఆడుతోంది, సెల్‌ఫోన్లలో వైఫై వస్తోంది, ల్యాండ్‌లైన్ ఎత్తితే డయల్‌టోను కూడా వినిపిస్తోంది. ఇక అనుమానం ఎవరికి వస్తుంది? రోజూ దీపాలు పెట్టే వేళకు ఫోను చేసే చిన్నత్తయ్యగారు ఆ రోజు చేయలేదు, మర్నాడూ చేయలేదు. అత్తయ్యగారు చిన్నబుచ్చుకుని, తానుగా చేయనని కూర్చున్నారు. చివరికి చిన్నత్తయ్యగారే మా ఆయన సెల్‌కు చేసి, "ఎప్పుడు చేసినా అందుబాటులో లేదంటోందిరా, ఊరెళ్ళారేమో అనుకున్నాను" అన్నారు. అప్పుడు వెళ్ళి చూస్తే మోడెం మీద వరసగా అన్ని దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి, ఫోను బొమ్మ పక్కనున్న చిన్నది తప్ప. మోడెం స్విచ్చి ఆపి, మళ్ళీ వేయగానే అదీ వెలిగింది.

తరువాత వచ్చిన కేబులు అబ్బాయి చెప్పినదేమిటంటే, నెట్ రావడం వేరు, ఈ నంబరు ఈ మోడెంలో ఉందని కంపెనీ సర్వరు దగ్గర నమోదు కావడం వేరు. నమోదు తెగితే మనకు వచ్చే ఫోన్లు మనదాకా రావు. డయల్‌టోను మోడెం తనంతట తానే వినిపించేది గనుక అది సాక్ష్యం కాదు. తెగిన నమోదును మోడెం తానే మళ్ళీ చేసుకోవాలి, మా మోడల్ ఒక్కోసారి చేసుకోదు. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు చెప్పినా "మీ లైను యాక్టివ్‌గానే ఉందండీ" అన్న ఒక్క జవాబే వచ్చింది.

పాత ఫోనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి 48 వోల్టుల విద్యుత్తు అదే తీగ మీద వచ్చేది. ఇంట్లో కరెంటు లేకపోయినా మోగేది. ఫైబరు అంటే గాజుపోగు, దాని మీద విద్యుత్తు రాదు. హుద్‌హుద్ తుపానులో స్తంభాలే ఒరిగిపోయినప్పుడు పాత తీగలు మాత్రం ఏం నిలబడ్డాయి, అది వేరే సంగతి. మామూలు కరెంటు కోతకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ సరిపోతుంది గాని, వీధి పెట్టె ఆగితే అదీ ఏమీ చేయలేదు. మేము టైమర్ ప్లగ్గు పెట్టి, తెల్లవారుజామున మోడెం ఒకసారి ఆగి మొదలయ్యేలా చేశాం. అప్పటినుంచి తెగినా ఒక పూటో, మహా అయితే ఒక రోజో.

ఇల్లు వదలని పెద్దవారుండి, సెల్ సిగ్నల్ అందని మాలాంటి వాటాకు దీన్ని వద్దనలేను, డబ్బు కూడా అదనంగా పోవడం లేదు. అయితే అత్యవసరంలో 108కి చేయడానికి ఇదొక్కటే ఆధారమైన ఇంట్లో, పెద్దవారు ఒంటరిగా ఉండేటట్టయితే, నేనైతే పెట్టించను. మేము బటన్ల సెల్‌ఫోను ఒకటి కొని, సిగ్నల్ అందే వీధి గది కిటికీలో ఉంచి, ఆ నంబరు కూడా చిన్నత్తయ్యగారికి ఇచ్చాం.