షాంఘైలో అద్దె ఇల్లు: ముందు ఓనరు, తర్వాత వంటగది

ఉద్యోగం మీద చైనా వస్తున్నాం, ఇల్లు ఎలా వెతుక్కోవాలి అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాక మరీను. అందరూ ముందు అడిగేది అద్దె ఎంత అని. నేను మాత్రం ముందు ఓనరు సంగతి తేల్చుకోమంటాను. ఇల్లు అద్దంలా ఉన్నా ఓనరు కాగితాలు ఇవ్వనంటే మీ వీసా పని అక్కడే ఆగిపోతుంది.

హోటల్లో దిగితే మన వివరాలు వాళ్లే పోలీసులకు పంపేస్తారు. ఇంట్లో దిగితే 24 గంటల్లో ఆ పేట పోలీస్ స్టేషన్లో మనమే నమోదు చేయించుకోవాలి. 2013 జులై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. చేయించుకోకపోతే హెచ్చరిక, 2,000 యువాన్ల దాకా జరిమానా. జరిమానా కట్టేసినా, ఆ నమోదు స్లిప్పు లేకుండా రెసిడెన్స్ పర్మిట్ పని ముందుకు జరగదు. వర్క్ వీసా మీద వచ్చినవాళ్లు దిగిన 30 రోజుల్లో దానికి దరఖాస్తు పెట్టుకోవాలి. షాంఘైలో ఈ నమోదు ఆన్‌లైన్లోనూ చేసుకోవచ్చు గానీ, కాగితాలు మాత్రం అవే: అద్దె ఒప్పందం, ఇంటి యాజమాన్య పత్రం, ఓనరు గుర్తింపు కార్డు నకలు.

యాజమాన్య పత్రం ఎర్ర అట్ట పుస్తకం. పాత ఇళ్లకు వేరే రంగువీ ఉంటాయి. దాన్ని చూపించమంటే ఓనర్ల ముఖాలు రకరకాలుగా మారతాయి. ఒకాయన ఫోన్లో ఫొటో చూపించి సరిపెట్టబోయాడు. అందులో పేరు ఆయనది కాదు, భార్యది. అలాంటప్పుడు ఆవిడ సంతకమైనా కావాలి, ఆవిడ రాసిచ్చిన అధికార పత్రమైనా కావాలి. ఇంకోచోట తాళాలు తీసి ఇల్లు చూపించిన పెద్దాయన అసలు ఓనరే కాదు. ఇల్లు మొత్తం ఒకరి దగ్గర అద్దెకు తీసుకుని, గదులుగా విడగొట్టి బయటివాళ్లకు ఇస్తున్నాడు. ఇలాంటి మధ్య ఓనర్లు ఇక్కడ చాలామందే. అసలు ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకున్న కాగితం లేకపోతే అక్కడ కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి. పన్ను లెక్కల్లోకి ఎక్కుతామని భయపడి, విదేశీయుల కోసం పోలీస్ స్టేషన్ గడప తొక్కనని తెగేసి చెప్పే ఓనర్లూ ఉన్నారు. వాళ్ల మీద కోపం అనవసరం. ఆ మాట ముందే చెప్పించుకుంటే చాలు. ఏజెంటుతో నా మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే: ‘నమోదుకు ఓనరు ఒప్పుకున్నాడా?’ ఆ జవాబు వచ్చాకే ఆ కుర్రాడి ఎలక్ట్రిక్ స్కూటర్ ఎక్కేవాణ్ణి.

ఇక డబ్బులు. ఇక్కడ మామూలు పద్ధతిని ‘యా యీ ఫూ సాన్’ అంటారు. ఒక నెల డిపాజిట్టు, మూడు నెలల అద్దె ముందే. బెంగళూరులో పది నెలల అడ్వాన్సులు కట్టినవాళ్లకు ఇది కాస్త నయమే. కానీ కొత్త ఊళ్లో, బ్యాంకు ఖాతా ఇంకా తెరవకముందే అంత సొమ్ము చేతిలో ఉండాలి. నెలకు 10,000 యువాన్ల ఇల్లనుకుంటే డిపాజిట్టుతో కలిపి 40,000. షాంఘై ఆనవాయితీ ప్రకారం ఏజెంటుకు ఒక నెల అద్దెలో 35 శాతం, అంటే 3,500. యువానుకు 12 రూపాయలు వేసుకున్నా అయిదు లక్షలు దాటింది. వీచాట్, అలీపే అనే ఫోన్ యాప్‌లకు మన కార్డు కలిపి కూరగాయలు కొనుక్కోవచ్చు గానీ ఇంటద్దె అలా కుదరదు. మొదటి విడత కంపెనీతో కట్టించుకునేలా వచ్చేముందే మాట్లాడుకోండి.

మీరు కట్టిన అద్దెను మీ కంపెనీ తిరిగి ఇస్తుందంటే ఫాపియావ్ కావాలి. అంటే పన్ను కార్యాలయం గుర్తించిన బిల్లు. బేరం అంతా అయ్యాక ఫాపియావ్ అడిగితే, పన్ను మీరే భరించాలంటూ ఓనరు అద్దె పెంచుతాడు. అందుకే ‘ఫాపియావ్‌తో కలిపి ఎంత’ అనే బేరం మొదలుపెట్టాలి.

ఏడాది అద్దె ఒకేసారి కడితే తగ్గిస్తామనే అపార్ట్‌మెంట్ కంపెనీల జోలికి వెళ్లేముందు డాంకే కథ గుర్తు చేసుకోవడం మంచిది. 2020 జనవరిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కిన కంపెనీ అది. అద్దెకుండేవాళ్ల దగ్గర, చాలామందికి బ్యాంకు అప్పు ఇప్పించి మరీ, నెలల అద్దె ముందే తీసుకుని ఓనర్లకు నెలనెలా ఇచ్చేది. ఆ ఏడాది చివరికే చేతులెత్తేసింది. డబ్బు అందని ఓనర్లు తాళాలు మార్చేశారు. అద్దె మొత్తం ముందే కట్టినవాళ్లు వీధిన పడ్డారు. తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2025 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన అద్దె నిబంధనల ప్రకారం డిపాజిట్టు ఎంత, ఎప్పుడు తిరిగివ్వాలి, దేనికి కోసుకోవచ్చు అన్నవి ఒప్పందంలో రాయాలి. వంటగది, బాల్కనీ లాంటివాటిని గదిగా చేసి అద్దెకివ్వకూడదు. అంతకుముందు అలా ఇచ్చేవాళ్లు ఉండబట్టేగా ఈ నిబంధన!

ఇప్పుడు ఇంట్లోకి వెళ్దాం. చదరపు మీటర్ల లెక్క వినగానే పొంగిపోవద్దు. అందులో లిఫ్టు, మెట్లు, వరండాల వాటా కలిసి ఉంటుంది. హైదరాబాదులో సూపర్ బిల్టప్ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకటో అంతస్తంటే ఇక్కడ నేల మీదిదే. పాత కాలనీల్లో ఆరంతస్తుల మేడలకు లిఫ్టు ఉండదు. ఆరో అంతస్తు చౌకే, 20 కిలోల బియ్యం బస్తా మోసే ఓపిక మీకుంటే.

వంటగది దగ్గర మాత్రం మా ఆవిడ ఏజెంటును పక్కకు జరగమని, తనే స్వయంగా పరీక్ష పెట్టేది. పొయ్యి వెలిగించి, పైనున్న పొగగొట్టం ఆన్ చేసి, దాని కింద టిష్యూ కాగితం పట్టుకునేది. కాగితం పైకి అతుక్కుంటే సరే. జారి పడితే ఇల్లు ఎంత బాగున్నా ఆ వంటగదిలో పోపు పెట్టలేం. పాత ఇళ్లలో వంటగదికి జరిపే అద్దాల తలుపు ఉంటుంది. అది మనకు వరం. కొత్త ఇళ్లలో హాలుకు కలిపేసి తెరిచి పెట్టే వంటగది ఫ్యాషన్. అందులో ఎండుమిర్చి వేయించారా, వాసన పరుపుల దాకా పోతుంది, డిపాజిట్టు తిరిగిచ్చేటప్పుడు ఓనరు ముక్కు దాకా కూడా. అద్దాల గోడలతో హోటల్లా మెరిసే ‘లాఫ్ట్’ ఫ్లాట్లు చూస్తే మోజు పుడుతుంది. వాటిలో చాలావరకు వ్యాపార స్థలంలో కట్టినవి. పైపు గ్యాస్ రాదు, కరెంటుకూ నీళ్లకూ వ్యాపార రేటు పడుతుంది. ఇండక్షన్ పొయ్యి మీద ఎన్నాళ్లు నెట్టుకొస్తారో మీరే ఆలోచించుకోండి. కరెంటు దాదాపు మన లాగే 220 వోల్టులు గానీ మన మూడు గుండ్రటి కాళ్ల ప్లగ్గు ఇక్కడి సాకెట్లో దూరదు. మిక్సీ కోసం మంచి ఎడాప్టర్ తెచ్చుకోండి.

బాత్రూములో నేల జాలీ దగ్గర వంగి వాసన చూడటానికి సిగ్గుపడొద్దు. నెలల తరబడి ఖాళీగా ఉన్న ఇంట్లో మురుగు వాసన అక్కడి నుంచే ఎగదన్నుతుంది. కుళాయి నీళ్లు తాగడానికి పనికిరావు. నీళ్ల డబ్బాలు ఇంటికే తెచ్చిస్తారు. కొత్తగా రంగులు, చెక్కపని చేయించిన ఇంట్లో, వాటిలోంచి వచ్చే హానికరమైన వాయువు ఫార్మాల్డిహైడ్ పరీక్ష చేయించమని అడగండి. ఇక్కడి ప్రమాణం ఘనపు మీటరుకు 0.08 మిల్లీగ్రాములు. చంటిపిల్లలుంటే కొత్త ఇల్లు వదిలేసి, రెండేళ్లు ఎవరో ఒకరు కాపురమున్న ఇల్లే మేలు.

చలి సంగతి మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. హ్వాయ్ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్లలోనే ప్రభుత్వం ఇళ్లను వేడి చేసే పైపులు వేయించింది. బీజింగ్‌లో నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా ఇల్లంతా వెచ్చగా ఉంటుంది. ఆ రుసుము ఎవరు కట్టాలో మాత్రం ఒప్పందంలో రాయించుకోవాలి. షాంఘై ఆ నదికి దక్షిణాన ఉంది కాబట్టి పైపులూ లేవు, వేడీ లేదు. జనవరిలో ఇంట్లో స్వెట్టరు వేసుకునే అన్నం తింటాం. ఏసీ ప్రతి గదిలో ఉందా, వేడి గాలి వస్తుందా, కిటికీకి రెండు పొరల అద్దముందా అన్నది మే నెలలో ఇల్లు చూసినా అడగాల్సిందే. దక్షిణ ముఖం గదికి చలికాలంలో ఎండ వస్తుంది. అందుకే ఇక్కడివాళ్లు దానికి ఎక్కువ అద్దె కడతారు. దక్షిణ ముఖమంటే జంకే మన వాస్తు కాసేపు పక్కన పెట్టాల్సిందే.

గ్వాంగ్‌జౌలో ఉన్నప్పుడు మా బాధ చలి కాదు, చెమ్మ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొన్ని రోజులు గోడలు నీళ్లు కారతాయి, బీరువాలో తోలు బెల్టుకు బూజు పడుతుంది. అక్కడ కింది అంతస్తు వద్దు. తేమ లాగే యంత్రం ఓనరుతో పెట్టించుకోండి. అక్కడి షావోబే పేట చుట్టుపక్కల వ్యాపారం మీద వచ్చిన విదేశీయులు ఎక్కువ కాబట్టి నమోదు అంటే ఏజెంట్లు కంగారుపడరు. బట్టల వ్యాపారం మీద జెజియాంగ్ రాష్ట్రంలో షావోషింగ్ దగ్గరి కెచావ్‌కు వచ్చేవాళ్లకూ అంతే. కెచావ్‌లో మన దేశం వాళ్లు చాలామంది ఉండటంతో పప్పులు, మసాలాలు ఇంటి దగ్గరే దొరుకుతాయి. షాంఘైలో పిల్లలున్న కుటుంబాలకు పుడాంగ్‌లో లియాన్‌యాంగ్ బాగుంటుంది. సెంచురీ పార్కు పక్కనే, రెండో నంబరు మెట్రో దగ్గర. అద్దెలు మాత్రం ఘాటే. షూహుయ్‌లోని పాత ఫ్రెంచి కాలం ఇళ్లు ఫొటోల్లో అందంగా ఉంటాయి, లోపల పైపుల వయసు కూడా అంతే. తొమ్మిదో నంబరు లైను మీద చీబావ్ దాకా వెళ్తే అదే డబ్బుకు ఇంకో గది వస్తుంది.

ఆరు నెలల పనికి ఒంటరిగా వచ్చేవాళ్లు సర్వీస్ అపార్ట్‌మెంట్లో దిగితే నయం. నమోదు, ఫాపియావ్, శుభ్రం చేయడం అన్నీ వాళ్లే చూసుకుంటారు. అద్దె ఎక్కువే గానీ ఏజెంటు కమిషన్ మిగులుతుంది.

సంతకం పెట్టేముందు ఒప్పందాన్ని చైనా సహోద్యోగి ఎవరితోనైనా చదివించండి. పక్కన ఇంగ్లిషు ఉన్నా చాలా ఒప్పందాల్లో తేడా వస్తే చైనా భాషలో ఉన్నదే చెల్లుతుందని రాసి ఉంటుంది. కంపెనీ మనల్ని వెనక్కి పిలిస్తే డిపాజిట్టు పోకుండా ఖాళీ చేయొచ్చనే బదిలీ షరతు అడిగి మరీ పెట్టించండి. అడగనివాళ్లకు ఎవరూ పెట్టరు. తాళాలు తీసుకున్న రోజే కరెంటు, నీళ్లు, గ్యాస్ మీటర్ల అంకెలు, గోడ మీద గీతలు, సోఫా మీద మరకలు అన్నీ వీడియో తీసి వీచాట్‌లో ఓనరుకు పంపేయండి. తేదీతో సహా అక్కడే ఉంటుంది. గ్యాస్ ముందే డబ్బు వేసే కార్డు మీద నడిచే ఇల్లయితే ఆ కార్డు కూడా తాళాలతో పాటే అడిగి తీసుకోండి.