చిన్నరసమా, ఉలవచారా, తేగా: ముందు పోయేది ఏది?

సంక్రాంతికి వారం ముందు మా ఆఫీసులో భోజనాల దగ్గర లేచిన వాదన ఇది. బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల కనుమరుగవుతున్న తిండి ఏది, ఏది పోతే మనకు ఎక్కువ బాధ? ఆరుగురిలో ఐదుగురు రసం మామిడిపండ్లన్నారు, ఒకాయన ఉలవచారన్నాడు. తాటిటెంక మొలకైన తేగ పేరు ఎవరూ ఎత్తలేదు. నా లెక్క మాత్రం తలకిందులుగా ఉంది.

రసాల మీద మమకారం నాకూ తక్కువేం కాదు. నూజివీడు చిన్నరసం కత్తి పెట్టి కోసుకునే పండు కాదు. రెండు అరచేతుల మధ్య నలుపుతూ పోవాలి. లోపల టెంక కదిలినట్టు అనిపించాక ముచ్చిక తీసి, మొదటి సొన పిండేసి, నోట పెట్టి జుర్రాలి. మోచేతి దాకా కారకపోతే తిన్నట్టే కాదు. దాని చేటు కూడా అక్కడే ఉంది. తొక్క పల్చన, ఒళ్ళంతా రసం, దూరప్రయాణం తట్టుకోదు. నున్న మార్కెట్టులో ఒక పూట నిలబడి చూడండి: ఉత్తరాదికి లారీలెక్కేది బంగినపల్లి, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేది కలెక్టరు కాయ. పైగా 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కొత్తగా తోట వేసే రైతు ఏ మొక్క పెడతాడో వేరే చెప్పాలా?

అయినా రసాల గురించి నాకంత బెంగ లేదు. మామిడికి అంటు కట్టొచ్చు. ఊరికి ఒక్క మంచి చెట్టు మిగిలినా దాని కొమ్మతో పది మొక్కలు చేసుకోవచ్చు, నాలుగైదేళ్ళకు కాయ చూడొచ్చు. మే నెలలో బేరమాడకుండా బుట్ట కొనే జనం బెజవాడలో ఇంకా ఉన్నారు.

ఉలవచారు సంగతి వేరు. ఎడ్లున్న ఇంట్లో దాణాకని ఉలవలు ఎలాగూ ఉడికేవి. గుగ్గిళ్ళు ఎడ్లకు, ఉడికిన నీళ్ళు, అదే కట్టు, మనుషులకు. ఆ కట్టులో చింతపండు పులుసు పోసి చిక్కబడే దాకా మరిగించి, ఇంగువ తాలింపు పెడితే చారు. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాక ఒక్క చారు కోసం కిలో ఉలవలు గంటల తరబడి ఎవరు ఉడికిస్తారు? కుక్కర్లో పెట్టి చూశాం, కట్టు పలచగా వచ్చింది. అయితే హోటళ్ళు దాన్ని చేతుల్లోకి తీసుకున్నాయి. ఇప్పుడది పెళ్ళిభోజనంలో మీగడతో వస్తోంది, బిర్యానీలో కలుస్తోంది, ప్యాకెట్లలో అమెరికా పోతోంది. వాటిలో పులుపే ముందు నాలుక్కి తగులుతుంది గానీ ఆ కట్టెల పొయ్యి పొగవాసన ఉండదు. సరే, సగమన్నా బతికింది.

కొర్రలు, అరికెలు కూడా లెక్కలో వేయమన్నారొకరు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళొదిలాక వరి పండిన పల్నాటి పల్లెల్లో జొన్నన్నాన్ని, కొర్రన్నాన్ని వదిలించుకోవడమే బాగుపడటం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమంది, డాక్టర్లు షుగరన్నారు, ఇప్పుడు అవే కొర్రలు సన్నబియ్యం కన్నా ప్రియం. వాటికి నా జాలి అక్కర్లేదు.

మిగిలింది తేగ. చవక తిండి, రోడ్డు పక్క తిండి, అందుకే ఎవరికీ గుర్తుకు రాలేదు. వానాకాలం చివర్లో రాలిన తాటిపండ్ల టెంకలు ఏరి, గుల్లగా ఉన్న ఇసక నేలలో పాతరేస్తారు. మొలక పైకి రాకుండా ముందు నేలలోకి దిగుతుంది. నేల ఎంత గుల్లగా ఉంటే తేగ అంత పొడుగు. సంక్రాంతి వేళకు విరగకుండా తవ్వి తీయాలి. ఆలస్యమైతే పీచు పడుతుంది. తవ్వాక కుండలో తంపటి వేస్తారు. మొన చీల్చి రెండు బద్దలు చేస్తే మధ్యలో సన్నగా, తెల్లగా చందమామ ఉంటుంది. చిన్నప్పుడు దానికోసం మా ఇంట్లో జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. టెంక పగలగొడితే లోపలి గుంజు, అదే బుర్రగుంజు, అదనం.

దీనికి కావలసిన తాటిచెట్టు పొలం గట్ల మీద పెరిగేది. పొలం ప్లాట్లయిన చోట గట్టే ఉండదు. కొట్టిన చెట్టు ఇటుక బట్టీకి పోతుంది. మామిడిలా అంటు కట్టే వీల్లేదు, టెంక నుంచే మొలవాలి. కాపుకు రావడానికి పన్నెండేళ్ళ పైమాటే. అప్పటిదాకా అది పోతుతాడో పండుతాడో కూడా తెలీదు. అన్నేళ్ళు ఎదురుచూసి నాటే రైతును నేనింతవరకు చూడలేదు. చెట్టున్నా తవ్వే చేతులుండాలి కదా. అందుకే ముందు పోయేది తేగేనని నా పందెం, నా ఓటూ దానికే.

ఆ సాయంత్రమే బస్టాండు బయట తేగలమ్మే మామ్మ కనిపించింది. ఒకటి విరిచి చూసి, "పీచు పట్టింది కదా మామ్మా" అన్నాను.

"పోయిన వారమే తవ్వాల్సింది బాబూ, కూలోళ్ళు దొరకలా" అంది.

అయినా రెండు కట్టలు తీసుకున్నాను. మర్నాడు ఒకటి ఆఫీసుకు పట్టుకెళ్తే, రసాలకు ఓటేసిన ఐదుగురిలో ముగ్గురికి తేగ ఎక్కణ్ణుంచి చీల్చాలో తెలియలేదు.